పల్లవి దాకా రానివ్వని పరీక్ష

కరోనా తగ్గి విమానాలు మళ్లీ నిండుగా తిరగడం మొదలైన ఏడాది, జూన్ మొదటి వారంలో నన్ను మా ఎఫ్‌ఎం స్టేషన్‌కు మ్యూజిక్ మేనేజరుగా నియమించారు. అంతకుముందు ఎనిమిదేళ్ళు అక్కడే షెడ్యూలరుగా చేశాను. స్టేషన్ పేరుతో ఇక్కడ పనిలేదు. శంషాబాద్ సర్వీసు రోడ్డు మీద, కింద టైర్ల దుకాణం, పైన మా స్టూడియో. గోడలకు ఎంత మందాన నురగ పలకలు అతికించినా, పెద్ద సరుకు విమానం పైకి లేస్తే ఆ మోత మైకులోకి వచ్చేది. ఆర్జేలు వాక్యం మధ్యలో ఆగి, విమానం దాటాక మళ్లీ అందుకునేవారు. కొత్తగా చేరినవాళ్ళకు మేం నేర్పే మొదటి పాఠం అదే. ఎయిర్‌పోర్టు పక్కన ఎత్తయిన టవరు కట్టనివ్వరు కాబట్టి మా సిగ్నలు కూడా పొట్టిదే. అత్తాపూర్ ఫ్లైఓవరు పిల్లర్ల దగ్గరికి వెళ్ళేసరికి గరగర మొదలయ్యేది.

బయటివాళ్ళకు రేడియో అంటే ఆర్జే గొంతు. ఏ పాట ఏ నిమిషంలో రావాలో ముందుగానే నిర్ణయించే ఉద్యోగి ఒకడు ఉంటాడని చాలామందికి తెలియదు. ఆ పని షెడ్యూలరుది. ప్రతి గంటకూ ఒక గుండ్రటి పటం ఉంటుంది, దాన్ని ‘క్లాక్’ అంటాం. పాట ఎక్కడ, ప్రకటనలు ఎక్కడ, ఆర్జే మాట ఎక్కడ అన్నది అందులో ముక్కలుగా గీసి ఉంటుంది. మ్యూజిక్ మేనేజరు షెడ్యూలరు కన్నా ఒక మెట్టు పైన. ఏ పాటలు కంప్యూటరులోకి ఎక్కాలో, ఏవి దిగిపోవాలో చూసుకుంటాడు. అతని పైన స్టేషన్ హెడ్, ఆయన పైన బెంగళూరులోని హెడ్డాఫీసు.

పాట కంప్యూటరులోకి ఎక్కేటప్పుడు దాని మీద కొన్ని గుర్తులు పెట్టాలి. ఈ కథకు వాటిలో రెండు చాలు. మొదటిది గొంతు గుర్తు. వాయిద్యాలు అయి పాడటం మొదలయ్యే చోటు అది. ఆర్జే తన మాటను ఆ లోపు ముగించాలి, గొంతు మీద గొంతు పడకూడదు. రెండోది పల్లవి గుర్తు. మన సినిమా పాటల్లో ఈ రెండూ దాదాపుగా ఒకే చోట పడతాయి. నోరు తెరిస్తే పల్లవే. ఇంటికొచ్చిన మనిషికి గుమ్మంలోనే మంచినీళ్ళు అందించినట్టు, మన పాట తన తీపిని ముందే ఇచ్చేస్తుంది.

ఇంగ్లిష్ రాక్ పాటలు అలా కావు. ముందు ఒక చరణం, దాదాపు మాట్లాడుతున్నట్టు, తగ్గు గొంతుతో నడుస్తుంది. డ్రమ్ములు కాస్త బిగుస్తాయి. ఒక్క క్షణం అంతా ఆగిపోతుంది. అప్పుడు నలుగురి గొంతులతో, గిటార్లన్నీ ఒక్కసారిగా తెరుచుకుని, పల్లవి వస్తుంది. వాటిలోనే పవర్ పాప్ అనే రకం నాకు ప్రాణం. గిటార్లు గట్టిగా మోగుతాయి, రాగం మాత్రం చిన్నపిల్లలు కూడా పాడుకునేంత తేలిక. మూడు నిమిషాల్లో అయిపోతుంది. అత్తాపూర్‌లో క్యాసెట్ల దుకాణం నడిపిన రోజుల్లో గోడ గడియారం ముందు కూర్చుని ఈ పాటల డ్రమ్ము దెబ్బలు లెక్కపెట్టేవాడిని. బీకాం మధ్యలో వదిలేసినవాడిని. లెక్క మీద నాకున్న పట్టు ఆ దుకాణంలో కుదిరిందే.

మా స్టేషన్‌లో సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ‘గిటార్ గంట’ వచ్చేది. డెబ్బైల నాటి పాటల నుంచి నిన్నమొన్నటి పాటల దాకా కలిపి వేసేవాళ్ళం. దాన్ని మొదలుపెట్టింది, నిలబెట్టింది ఆర్జే స్వప్న. తుక్కుగూడ దగ్గరి రైతు కుటుంబం. ఇంగ్లిష్ పాటల మధ్య ఆమె ఇంగ్లిష్‌లో మాట్లాడేది కాదు. “ఇగ గీయన ఏమంటుండంటే, పిల్ల ఫోన్ ఎత్తుతలేదట. జర ఓపిక పట్టుండ్రి, పల్లవిల ఎత్తుతది,” అని ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడేది. గొంతు గుర్తుకు సరిగ్గా ఒక ఊపిరి ముందు ఆపేది. ఆమె కాంట్రాక్టు మీద పనిచేసేది. ఆ గంట తప్ప ఆమె చేతిలో మరో కార్యక్రమం లేదు.

ఈ పాటలు ఎవరు వింటారని అడగొచ్చు. ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవర్లు వినేవారు. తమ వంతు వచ్చేదాకా పార్కింగ్ మైదానంలో గంటల తరబడి కూర్చోవాలి. అద్దాలు దించి రేడియో పెట్టుకునేవారు. పాటల పేర్లు నోరు తిరిగేవి కావు కాబట్టి వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. పల్లవిలో చప్పట్లు కొట్టే పాత పాట ‘చప్పట్ల పాట’. తొంభైల నాటిది, పెడల్ తొక్కినట్టు డ్రమ్ములు నడిచేది ‘సైకిల్ పాట’. ఈ మధ్యే వచ్చిన, ముగ్గురు అమ్మాయిలు అరిచి పాడేది ‘బడి సెలవు పాట’. ఆ పేర్లన్నీ నేను కంప్యూటరులో అసలు పేరు పక్కనే ఎక్కించాను. ఫోన్ చేసి ఎవరైనా అడిగితే వెతకడానికి అవే పనికొచ్చేవి.

నేను మేనేజరునైన కొద్ది నెలలకు హెడ్డాఫీసు ‘హుక్ పరీక్ష’ పెట్టింది. పాట మొత్తం వినిపించకుండా, గుర్తుపట్టగలిగే ముక్క ఏడు సెకన్లపాటు వినిపించి శ్రోతల అభిప్రాయం తీసుకోవడం ఈ పరీక్ష. ఆ ముక్కనే హుక్ అంటారు. శంషాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని, క్యాబ్ డ్రైవర్లతో సహా ఈ చుట్టుపక్కల వాళ్ళను పిలిచి, చేతికి మీటలున్న డబ్బా ఇచ్చారు. ఇష్టం, ఫరవాలేదు, విసుగు, తెలియదు అని నాలుగు మీటలు. మధ్యాహ్నం బిర్యానీ. పరీక్షను హెడ్డాఫీసు పరిశోధన విభాగం నేరుగా జరుపుతుంది, స్టేషన్ సిబ్బంది హాల్లోకి వెళ్ళకూడదు. ఆ నియమం సరైనదే. మేం అక్కడుంటే జనం మా మొహం చూసి మీట నొక్కుతారు.

ఫలితాలు వచ్చాయి. సినిమా పాటలు దాదాపుగా మేం అనుకున్న వరసలోనే నిలిచాయి. గిటార్ గంట పాటలన్నీ అట్టడుగున ఉన్నాయి. విసుగు అని కూడా కాదు, ‘తెలియదు’ అని. చప్పట్ల పాట కూడా తెలియదట. రిపోర్టు చివరి వాక్యం ఇది: శ్రోతలకు పరిచయం లేని పాటలతో ఒక గంట నడపడం సమంజసం కాదు, ఆ కార్యక్రమాన్ని వచ్చే నెల నుంచి ఆపివేయవచ్చు.

నాకు అంకె నచ్చకపోవడం వేరు, అంకె నమ్మశక్యం కాకపోవడం వేరు. నచ్చనివి చాలా మింగాను. కానీ వారంలో ప్రతిరోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి అడిగే పాటను, అడిగే ఆ మనుషులే, తెలియదని ఎలా అంటారు? పరీక్షకు వాడిన ముక్కలు పంపమని పరిశోధన విభాగాన్ని అడిగాను. మర్యాదగా ఆ రోజే పంపారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కొక్కటీ విన్నాను. నాలుగోది వినేసరికే అర్థమైంది. వాళ్ళు ముక్కలను పల్లవి గుర్తు దగ్గర కోయలేదు, గొంతు గుర్తు దగ్గర కోశారు. అన్ని తెలుగు స్టేషన్లకూ వాళ్ళ పద్ధతి అదే. సినిమా పాటకు అది ఖచ్చితంగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ గొంతు మొదలైతే పల్లవి మొదలైనట్టే. అదే కత్తెరను ఇంగ్లిష్ పాటల మీదా నడిపించారు. చప్పట్ల పాటలో వాళ్ళు వినిపించిన ఏడు సెకన్లలో ఒకాయన ఏదో గొణుగుతాడు, అంతే. చప్పట్లు లేవు. మా గంటలోని ఏ పాటకూ పల్లవి వినిపించలేదు.

పల్లవి గుర్తులు కంప్యూటరులో లేక కాదు. ప్రతి పాటకూ నా చేత్తో పెట్టినవి ఉన్నాయి. వాటిని వాడలేదు.

స్టేషన్ హెడ్ ప్రసాద్ గారి గదికి వెళ్ళాను. ఆయనది ఏలూరు వైపు. నెమ్మదస్తుడు, ఎవరినీ కసిరి ఎరగడు. రెండు ముక్కలూ వినిపించాను, హెడ్డాఫీసు కోసినది, కోయవలసినది. ఆయన కళ్ళు మూసుకుని రెండూ విన్నారు.

“మీరు చెప్పింది నిజమేనండీ రాజేందర్ గారూ. తేడా బాగానే తెలుస్తోంది,” అన్నారు.

“అయితే మళ్లీ పరీక్ష పెట్టమని రాద్దాం సార్.”

“హాలూ, మనుషులూ మళ్లీ అంటే ఒప్పుకోరండీ. మీరే చిన్నగా ఏదైనా చేసి చూపించండి. నేను పైకి పంపుతాను.”

ఆ మాట నమ్మాను. నమ్మడానికి కారణం ఉంది. ఆయన అబద్ధం ఆడలేదు, చూపిస్తే పంపుతానన్నారు, పంపారు కూడా. నేను అడగని ప్రశ్న ఇంకొకటి ఉందని నాకు అప్పటికి తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం స్వప్నా నేనూ ఒక స్పీకరు పట్టుకుని క్యాబ్ పార్కింగ్‌కు వెళ్ళాం. రేకుల షెడ్డు కింద బెంచీల మీద డ్రైవర్లు ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఆ రోజు హాలుకు వెళ్ళినవాళ్ళే. యాదయ్య అనే పెద్దాయన శంషాబాద్ పక్క ఊరివాడు, వ్యవసాయం తగ్గించుకుని బండి తీసుకున్నాడు. అతని పక్కన పహాడీ షరీఫ్ నుంచి వచ్చే సలీం. ఇద్దరూ వంతు వచ్చేదాకా ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ ఉండేవారు.

“బిడ్డా, రేడియోల్నుంచి బయటికొచ్చినవా? నీ గొంతు చూసి ఇంకా లావుంటవనుకున్న,” అన్నాడు యాదయ్య.

“గొంతుకు తిండి పెడ్తున్న కాకా, నాకు మిగుల్తలేదు,” అంది స్వప్న.

నేను పాట పేరు చెప్పకుండా హెడ్డాఫీసు కోసిన ముక్క వినిపించాను. ఏడు సెకన్లు.

“ఎవరన్నా గీయన? నిద్రల మాట్లాడుతున్నట్టున్నడు,” అన్నాడు సలీం.

“తెల్వది,” అన్నాడు యాదయ్య. మిగతావాళ్ళూ తలలు అడ్డంగా ఊపారు.

అదే పాటను పల్లవి గుర్తు దగ్గర నుంచి వినిపించాను. మొదటి మాట పూర్తి కాకముందే యాదయ్య చేతులు లేచాయి. చప్పట్లు పడవలసిన చోట పడ్డాయి, ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. వెనుక బెంచీ మీద వాళ్ళు వాళ్ళకొచ్చిన ఇంగ్లిష్‌లో అందుకున్నారు. అందులో ఒక్క మాటా సరైనది కాదు, రాగం మాత్రం ఎక్కడా తప్పలేదు.

“అరే యార్, గిది చప్పట్ల పాట గదా! ముందుగాల గట్ల చెప్పాలె గదక్కా,” అన్నాడు సలీం.

“నిద్రల మాట్లాడేటోడు గీయననేనా? రోజు ఇంటవ్, మనిషిని గుర్తుపట్టవ్,” అని యాదయ్య అతన్ని ఎగతాళి చేశాడు.

“నువ్వు గుర్తుపట్టినవా కాకా? తెల్వది అని మొదలు నువ్వే అన్నవ్!”

మిగతా పాటలూ అలాగే రెండు రకాలుగా వినిపించాం. మొదటి ముక్కకు మౌనం, రెండోదానికి గోల. నవ్వుతూనే ఉన్న యాదయ్య మధ్యలో ఎందుకో ఆగి, నా వైపు తిరిగాడు. ఆ రోజు హాల్లో వినిపించింది ఏదని అడిగాడు. మొదటి ముక్కేనని చెప్పాను. ఆ మీటల మీద ఏం తేలిందని అడిగాడు. ఈ పాటలు ఎవరికీ తెలియవని తేలింది, అందుకని గిటార్ గంట తీసేస్తున్నారని చెప్పాను.

ఆయన ముఖంలో నవ్వు పోయింది. “అంటే బిర్యానీ పెట్టి మా చేతులతోనే గీ పాటలను తీసేయిస్తున్నరా? మేం తెల్వదు అన్నమని మా పేరు మీద రాసుకున్నరా?”

“గట్లనే రాసిండ్రు కాకా,” అంది స్వప్న.

“గిదేం పద్ధతి సార్? మమ్మల్ని ఎడ్డోళ్ళను చేసిండ్రు గదా,” అన్నాడు నాతో. ఆ రోజు నుంచి నా కోపం పాటల గురించి కాదు. ఆ మైదానంలో ఎండలో కూర్చునే మనుషుల నోట వాళ్ళు చెప్పని మాట చెప్పించి, దానికి శ్రోతల అభిప్రాయం అని పేరు పెట్టినందుకు.

ఆ సాయంత్రమే అంతా వివరంగా రాసి ఇచ్చాను. ఏ గుర్తు వాడారు, ఏది వాడాలి, ఎందుకు. ఎవరినీ నిందించలేదు. పొరపాటు ఎలా జరిగి ఉంటుందో కూడా రాశాను, ఎందుకంటే అది సహజమైన పొరపాటే. ప్రసాద్ గారు పైకి పంపారు. కొద్దిరోజులకు ఫోన్ మీద సమావేశం పెట్టారు. ఆయన గదిలో ఆయన, నేను, స్వప్న. అవతల పరిశోధన విభాగం అధికారిణి. ఆవిడ ఎక్కడా బుకాయించలేదు. మా ముక్కలన్నీ విన్నానని, పొరపాటు తమదేనని ఒప్పుకున్నారు. ఇంగ్లిష్ పాటలను ఇకముందు పల్లవి గుర్తు నుంచే కోయాలని పద్ధతుల పుస్తకంలో మారుస్తామన్నారు. నాకు ధన్యవాదాలు కూడా చెప్పారు.

స్వప్న ముందుకు వంగింది. “అయితే మేడమ్, మా గంట ఉంటది కదా?”

అది తమ విభాగం పరిధి కాదని, స్టేషన్ తీసుకునే నిర్ణయమని ఆవిడ అన్నారు. మేమిద్దరం ప్రసాద్ గారి వైపు చూశాం. ఆయన ఫోన్ పెట్టేసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఆ గంట వేసవిలోనే ఇళ్ళ ప్లాట్లు అమ్మే కంపెనీ వాళ్ళ ప్రకటనల కార్యక్రమానికి మాటిచ్చేశామండీ. సాయంత్రం ఆరింటికి ఆఫీసుల నుంచి వెళ్ళేవాళ్ళు వింటారని వాళ్ళు అదే కావాలన్నారు. పరీక్ష దానికి ఒక ఆధారంగా ఉంటుందని పెట్టించాం.”

“పరీక్షలో మా పాటలు బాగా వచ్చుంటే?” అని అడిగాను.

“రాలేదు కదండీ.”

“పొరపాటు వల్ల రాలేదని ఇప్పుడే ఒప్పుకున్నారు కదా సార్.”

“ఒప్పుకున్నారు. నాకూ ఆ సైకిల్ పాట ఇష్టమేనండీ, కారులో పెట్టుకుంటాను. కానీ మాటిచ్చాం కదా.” ఆయన ఇదంతా చాలా సౌమ్యంగా, ఏమీ దాచకుండా చెప్పారు. మోసం చేసినవాడి ముఖం కాదు అది. అది మోసమని ఆయనకు తట్టనే లేదు, నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. తీర్మానం ముందు చేసుకుని, కొలత తర్వాత తెప్పించి, కొలత తప్పని తేలాక కూడా తీర్మానం మాత్రం కొలతను బట్టే జరిగిందని కాగితం మీద ఉంచారు. రిపోర్టు చివరి వాక్యం మార్చమని అడిగాను. కనీసం, శ్రోతలకు పరిచయం లేని పాటలు అన్న మాట తీసేసి, వ్యాపార కారణాల వల్ల అని రాయమన్నాను. అలా రాయడం బాగుండదన్నారు.

స్వప్నను ప్లాట్ల కార్యక్రమం చదవమన్నారు. కాంట్రాక్టు ముగిసేదాకా ఉద్యోగం ఉంటుందని, అది తన మాటగా తీసుకోవచ్చని ప్రసాద్ గారు భరోసా ఇచ్చారు. మెట్లు దిగుతూ ఆమె నాతో అంది: “మా బాపు అమ్ముకున్న చెల్క భూమిల గూడ గా కంపెనీ బోర్డే ఉన్నదన్నా. ఇప్పుడు నేను కూసోని అది ఎంత మంచి జాగనో చెప్పాలె.”

గిటార్ గంట చివరి రోజున, కార్యక్రమం ఆగిపోతున్న కారణం ప్రసారంలో చెప్పకూడదని ఆదేశం. స్వప్న చెప్పలేదు. ఆదేశాన్ని అక్షరాలా పాటించింది. ఎప్పటిలాగే ప్రతి పాటకూ గొంతు గుర్తు కన్నా ఒక ఊపిరి ముందే మాట ఆపింది. మధ్యలో ఒక విమానం వస్తే ఆగి, అది దాటాక మళ్లీ అందుకుంది. చివరి పాటకు ముందు ఫోన్ తీసుకుంది. యాదయ్య.

“ఏ పాట పెట్టమంటవ్ కాకా?”

“ఏముంటది బిడ్డా, చప్పట్లదే. ఆఖరి రోజని సలీం చెప్పిండు, నిజమేనా? రేపటి నుంచి గీ యాళ్లకు ఏమొస్తదట?”

“ప్లాట్లు కాకా.”

“ప్లాట్లా? మాయి అమ్మినం గదా బిడ్డా, మళ్ల మాకే చెప్తరా?”

స్వప్న నవ్వాపుకుంది. “పాట వినుండ్రి కాకా. పల్లవి దాంక ఉండుండ్రి,” అని ఆపింది. గొంతు మొదలైంది.

ఆ గంట ప్రసారం చూసుకున్నది నేనే కాబట్టి, ఆ ఫోన్ మాట అలా గాలిలోకి ఎందుకు వెళ్ళనిచ్చారని ప్రసాద్ గారు నన్ను మర్నాడు అడిగారు. శ్రోత పాట అడిగాడు, తర్వాత ఏమొస్తుందని అడిగాడు, ఆర్జే నిజం చెప్పింది, ఇందులో నియమానికి విరుద్ధమైన మాట ఏదో చూపించమన్నాను. చూపించలేదు. నా సర్వీసు పుస్తకంలో మాత్రం ‘ప్రసార పర్యవేక్షణలో అజాగ్రత్త’ అని ఒక వాక్యం చేరింది. దాని మీద నేను రాసిన జవాబు కూడా దాని పక్కనే ఉంది. రెండూ ఉండనీ.

స్వప్న కాంట్రాక్టు పూర్తయ్యేదాకా ప్లాట్లు చదివి, నగరంలో ఇంకో స్టేషన్‌కు వెళ్ళింది. అక్కడ పొద్దుటి ట్రాఫిక్ వార్తలు చెబుతోంది, ఇంగ్లిష్ పాటలు లేవు. నేను మరో రెండేళ్ళు చేసి స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాను. ఆ రెండేళ్ళలో పరీక్ష అన్న మాట ఎవరు ఎత్తినా ఒకటే అడిగాను: ఏ ఫలితం వస్తే మీ నిర్ణయం మారుతుంది? అది ముందే రాసివ్వండి, అప్పుడే పాటలు ఇస్తాను. ఒకసారి రాసిచ్చారు, ఆ పరీక్ష నిజాయితీగా జరిగింది, నాకు నచ్చని ఫలితమే వచ్చింది, ఒప్పుకున్నాను. రెండుసార్లు రాయడానికి ఇష్టపడలేదు, ఆ పరీక్షలు జరగలేదు. ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇదే. ముక్క ఎక్కడ కోశారన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఏ ఫలితం వస్తే నిర్ణయం మారుతుందన్నది. నేను ఆ రోజు ప్రసాద్ గారి గదిలో రెండోదాన్ని మొదట అడిగాను.

హెడ్డాఫీసు మాట నిలబెట్టుకుంది. పద్ధతుల పుస్తకంలో ఆ సవరణ ఇప్పటికీ ఉంది: ఇంగ్లిష్ పాటలకు హుక్‌ను పల్లవి గుర్తు నుంచి తీసుకోవాలి. వాక్యం స్పష్టంగా, తప్పు లేకుండా రాశారు. దాన్ని వర్తింపజేయడానికి మా శంషాబాద్ స్టేషన్‌లో ఒక్క ఇంగ్లిష్ పాట లేదు.